పద్నాలుగో నంబరున గృహరథ పృష్ఠప్రవేశము

అమ్మా ఎఱ్ఱధూళీ, ముల్గా క్రాసింగ్ పురాధిదేవతా, చక్కెరడబ్బా మూతను గాని కిటికీ రబ్బరును గాని పళ్లుతోముకొను బ్రష్షు తొడుగును గాని లెక్కసేయక లోనికి జొరబడు సర్వాంతర్యామినీ, ఒక్క గడియసేపు నా గొంతులోనుండి తప్పుకొనుము. నేనొక మహాయుద్ధమును గూర్చి చెప్పవలసియున్నది. అది దక్షిణార్ధగోళపు వసంతఋతువు, సెప్టెంబరు మాసాంతపు మంగళవారము, సాయంకాలము నాలుగు గంటల పది నిమిషములు. ఫ్లిండర్స్ కొండలకు ఉత్తరముగా, పెట్రోలుబంకొకటి, పబ్బొకటి, ఎప్పుడో మూతబడిన రైలుస్టేషనొకటి, నీళ్లుండని వాగు మీద వంతెనొకటి గల ఆ పురమునందు, గులాబీరంగు కాకతువలు టెలిఫోను తీగ మీద బారులుదీరి ఒకదానినొకటి తిట్టుకొనుచుండగా, కారవాన్ పార్కు ద్వారమున, ఆరున్నర మీటర్ల పొడవు గల, కారవాన్ అనబడు శ్వేతవర్ణ గృహరథమును వెనుక తగిలించుకొని, ధూళిధూసరితమైన డీజిలు శకటమొకటి వచ్చి నిలిచెను. ఇక్కడినుండి జరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పెదను. అతిశయోక్తి నాకు చేతగాదు.

ఆ శకటపు వెనుక సీటున, ఒడిలో నోటుపుస్తకమును, చెవిసందున పెన్సిలును ధరించి కూర్చున్న బాలిక పేరు విన్నీ ట్రెంబాత్. వయస్సు పదేండ్లు. గాలర్ పట్టణవాస్తవ్యులైన బ్రెట్, తాన్యా అను దంపతుల ఏకైక పుత్రిక. ఏ బడి గడపయు తొక్కని స్వగృహవిద్యావ్రత. తల్లియే గురువు, గృహరథములోని భోజనపుబల్లయే గురుకులము. రాత్రి ఆ బల్లనే క్రిందికి దించి పరుపు పఱచినచో అదియే విన్నీకి మంచమగును గనుక, మా అమ్మాయి పాఠాల మీదే పడుకుంటుందని తండ్రి కనబడినవారికెల్ల చెప్పుచుండును. ఆ హాస్యమునకు ఇంటివారు నవ్వుట మాని ఏడు వారములయ్యెను. పదునొకండు వారములుగా ఆ ముగ్గురును ఎడారి అంచు ఊళ్లన్నియు చుట్టుచు, గొఱ్ఱెల కొట్టములో భిన్నములను, పాడుబడిన గనిలో చరిత్రను, లాండ్రీగదిలో గుణకారమును ముగించుకొనుచు వచ్చుచుండిరి.

అయితే విన్నీ హృదయమున నున్నవి భిన్నములు గావు, గూడబాతులు. అక్కడికి ఉత్తరముగా రెండు రోజుల దారిలో కటి థండా అను ఉప్పుసరస్సు కలదు. ఏండ్ల తరబడి తెల్లగా ఎండిపోయి పడియుండు ఆ సరస్సునకు, ఎక్కడనో కురిసిన వానలనీరు ఈ యేడు వచ్చి చేరినది. చేరిన కొలదిదినములకే, వేయి కిలోమీటర్లకు పైబడిన సముద్రతీరమునుండి గూడబాతులు వేలకొలదిగా వచ్చి వ్రాలినవి. ఎడారినడుమ నీళ్లు నిండినవని వానికి ఎవరు చెప్పిరి? తల్లికి తెలియదు. పుస్తకములలో లేదు. విన్నీ ఉత్తరము వ్రాయగా, ఒక పక్షిశాస్త్రవేత్త, ఈ సంగతి తనకును తెలియదని ప్రత్యుత్తరము పంపెను. తమకు తెలియదని పెద్దవారొకరు కాగితము మీద వ్రాసి క్రింద సంతకము చేయుట ఆమె జీవితమున అదియే మొదటిసారి. ఆ కాగితమును ఆమె నోటుపుస్తకము అట్టలోపల అంటించుకొనెను. నాటినుండి ఆ పక్షులను కన్నులార చూడవలెనను కోరిక తప్ప ఆమెకు వేఱొక కోరిక లేదు.

ఆ కోరిక ఇప్పుడు ఒక్క దారము మీద వ్రేలాడుచున్నది. ఏలయన, ఆరు రోజుల క్రిందట యంటారా అను ఊరిలో, గృహరథమును వెనుకకు నడిపి నిలుపు సందర్భమున ఘోరము జరిగెను. చోదకుడైన బ్రెట్‌కును, వెనుక నిలిచి దారి చెప్పు తాన్యాకును నడుమ, రమ్మని చేయి ఊపితివి, ఊపలేదు అని వాకీటాకీలో సాగిన సంవాదము, గృహరథికులందఱును తెఱచియుంచుకొను పద్దెనిమిదవ నంబరు ఛానెలు మీదనే ప్రసారమగుటచే, ఆ పార్కులోని సకలజనులును, హైవే మీద గొఱ్ఱెలను తీసికొనిపోవు లారీడ్రైవరొకడును దానిని ఆమూలాగ్రముగా వినిరి. లారీడ్రైవరు సలహా కూడ ఇచ్చెను. ఆ సంవాదము ముగియకమునుపే, ఎవరి జోలికిని పోని, చక్రములు గల ఆకుపచ్చని చెత్తడబ్బా యొకటి గృహరథపు వెనుకభాగము తగిలి నేలగూలి, ప్రక్క చీలి, తన యావదాస్తిని దారిమీద పఱచి అసువులు బాసెను. తరువాత మూడువందల నలువది కిలోమీటర్లు దంపతులిరువురును మాటలాడుకొనలేదు. మూడువందల నలువది యొకటవ కిలోమీటరున బ్రెట్, అద్దములో విన్నీని చూచుచు, ఆమె ఏ పాపము నెఱుగకున్నను, ఆమెతోనే యిట్లు శపథము చేసెను:

"ఇంకొక్కసారి ఇలా అయిందంటే, మర్నాడు పొద్దున్నే బండి ఇంటివైపు తిప్పేస్తాను. వచ్చే టర్మ్ నుంచి నువ్వు కూడా అందరు పిల్లల్లా బడికి పోదువు గాని."

"సరే," అని తాన్యా కిటికీలోనుండి బయటికి చూచుచు పలికెను. ఆ రోజున ఆమె చేసిన సుదీర్ఘోపన్యాసము అదియే.

ఆ పిమ్మట వాకీటాకీలను అట్టపెట్టెలో పెట్టి టేపు వేసిరి. ఇకమీదట నోరు విప్పరాదనియు, చేతిసైగలు మాత్రమే చేయవలెననియు కట్టడి యేర్పడెను. అరచేయి పైకెత్తిన, ఆగుము. అరచేయి ముఖమునకు ఎదురుగా రెండుమార్లు ఊపిన, రమ్ము. అంతకంటె సులభమైన భాష భూమి మీద లేదని ఇద్దఱును ఒప్పుకొనిరి. ఒప్పుకొనుట కూడ తల యూపియే.

ఆ మౌనదినములలోనే తాన్యా, పాఠము మానరాదు గనుక, "ఏదైనా ఒకటి ఎంచుకుని లెక్కపెట్టు, పట్టిక వెయ్యి," అని కూతునకు గణితము నొప్పగించెను. విన్నీ ఈగలను లెక్కింపదలచెను. అవి ఒకచోట నిలువవు గనుక, ఈగలను తోలు చేతులను లెక్కించుట మొదలుపెట్టెను. ఆ పట్టిక సంగతి పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

ముల్గా క్రాసింగ్ పార్కునకు అధికారిణి లొరెయిన్ అను నడివయసు స్త్రీ. బ్యాటరీబండిని అధిరోహించి ఎదురువచ్చి, చేతిలోని అట్టను చూచి, పెదవి విఱిచెను.

"సారీ అమ్మా, ఐదో నంబరు ఇచ్చేశాను. ఎవరో ఇంత పెద్ద బస్సేసుకుని వచ్చారు, వాళ్లకి ఇంకెక్కడా పట్టదు. పద్నాలుగు ఉంది. చెట్టు నీడ, చల్లగా ఉంటుంది."

"ఇటు నుంచి దూరి అటు నుంచి వెళ్లిపోయే చోటు కావాలని ఫోన్లో రెండుసార్లు చెప్పాం కదండీ," అని తాన్యా పలికెను.

"చెప్పారు. రాసుకున్నాను కూడా, ఇదిగో చూడండి. కొంచెం రివర్స్ చేసుకుంటే సరిపోతుంది. మీ ఆయన చేస్తారుగా?"

బ్రెట్ టోపీని కనుబొమల మీదికి లాగుకొనెను.

పద్నాలుగో నంబరు స్థలము యొక్క రౌద్రస్వరూపమును వినుడు. ఎడమవైపున కాలుమోపుటకు సిమెంటు గచ్చు. గచ్చు చివర, కొమ్మలు క్రిందికి వ్రాలిన ముసలి యూకలిప్టస్ వృక్షము. కుడివైపున, కరెంటు పెట్టెయు నీటికుళాయియు ఒకే ఇనుపకంబమునకు బిగింపబడి, తగిలినచో సగము పార్కును ముంచుటకు సిద్ధముగా నుండెను. చెట్టునకును కుళాయికిని నడుమ, గృహరథము పట్టగా ఇరుప్రక్కల మిగులునది మూరెడు మాత్రమే. ఇదియంతయు చాలదన్నట్లు, సమయము నాలుగు దాటినది. ఆ దేశమున గృహరథికవృద్ధులు నాలుగు కొట్టగనే మడతకుర్చీలను దెచ్చి, క్రొత్తగా వచ్చు బండ్లవైపునకు తిరుగునట్లు వేసికొని, చేత చల్లని బీరుడబ్బాలతో, జున్నుముక్కల పళ్లెములతో ఆసీనులగుదురు. అది వారి సభ. అందులో ఎవరైనను కూర్చుండవచ్చును. వెనుకకు నడుపువాడు మాత్రము కూర్చుండరాదు.

నాటి సభకు అధ్యక్షుడు మెర్వ్ అను డెబ్బదియారేండ్ల వృద్ధుడు, ఎఱ్ఱని మోకాళ్లవాడు, సలహాలలో అక్షయతూణీరుడు. ఆయన ప్రక్కన ఊలు అల్లుకొనుచు, తల యెత్తకయే సర్వమును చూచు ఆయన భార్య డాట్. వారి వెనుక మఱి పండ్రెండు కుర్చీలు.

"రా గురూ, రా," అని మెర్వ్ దూరమునుండియే ఆహ్వానము పలికెను. "నిదానంగా చేసుకో. ఎవరూ చూడట్లేదులే."

పదునాలుగు కుర్చీలు కిఱ్ఱుమనుచు ఒక్కసారి ముందుకు జరిగెను.

అంతట తాన్యా శకటమునుండి దిగి, జుట్టు బిగించి ముడివేసికొని, గృహరథపు వెనుకకు నడచిపోయి, కుళాయికి అడుగు దూరమున నిలువబడెను. విన్నీ నోటుపుస్తకముతో లాండ్రీగది మెట్టు మీద కూర్చుండెను. ఆమె చూపు గృహరథము మీదనే యున్నను, చేయి మాత్రము అలవాటుచొప్పున పట్టికలో గీతలు గీయుచునే యుండెను. బ్రెట్ రివర్స్ గేరు వేసెను. గృహరథము కీచుమని యొకసారి మూల్గి, వెనుకకు కదలెను. అది మంచి ఆరంభము. మీటరు వచ్చినది, రెండు మీటర్లు వచ్చినది. వచ్చి వచ్చి, ఎందుకో తెలియదు గాని, ఆగవలసినచోట ఆగక, వంకర తిరిగి, చెట్టు మీదికే వచ్చి, వ్రాలిన కొమ్మ యొకదానిని పైకప్పుతో వాటేసికొనెను. ఎండుటాకులు తాన్యా మీద పుష్పవృష్టివలె కురిసెను.

"కుడికి తిప్పాలి, కుడికి," అని మెర్వ్ పలికెను.

"ఎడమకి," అని వెనుక కుర్చీనుండి వేఱొకరు పలికిరి.

బ్రెట్ ముందునకు నడిపి, రెండవమారు వచ్చెను. ఈమారు చెట్టును దప్పించుకొనెను. తాన్యా అరచేయి యెత్తెను. గృహరథము నిలిచెను. ఆమె చేయి దింపెను. మఱుక్షణమే గృహరథము ఎవరో పిలిచినట్లు మరల కదలి, కుళాయి కంబము మీదికి బుసకొట్టుచు వచ్చెను. "ఆగు ఆగు ఆగు," అని పదునాలుగు కంఠములు ఘోషించెను. కంబమునకును గృహరథమునకును నడుమ అంగుళము మిగిలియుండగా బ్రేకు పడెను. మెర్వ్ ఒడిలోని జున్నుపళ్లెము నేలబడెను. ఆ పూట కలిగిన ప్రాణనష్టము అదియే.

అప్పుడు బ్రెట్ ట్రెంబాత్, తలుపు తెఱచుకొని, ముఖము కందగడ్డయై, ఎఱ్ఱనేల మీద పాదములు మోపి, కట్టడిచేసిన మౌనమును భగ్నముచేయుచు, ధర్మపత్ని నుద్దేశించి యిట్లనియె:

"చెయ్యి ఊపావా, లేదా?"

"ఊపలేదు."

"ఊపావు తాన్యా. అద్దంలో చూశాను. రా రా అన్నావు, వచ్చాను."

"ఆగమని చెయ్యెత్తాను. ఆగావు. దింపాను. అంతే. నిన్ను రమ్మని నేనెందుకంటాను, వెనక కుళాయి పెట్టుకుని?"

"యంటారాలో కూడా ఇదే మాట అన్నావు."

"యంటారాలో కూడా నేను ఊపలేదు కాబట్టి."

"అంటే నాకు కళ్లు లేవా?"

"నాకు చెయ్యి లేదా? నా చెయ్యి ఊగిందో లేదో నాకు తెలీదా?"

సభలో ఎవరును బీరు త్రాగుట లేదు. వాకీటాకీ అవసరము లేకయే అందఱికిని స్పష్టముగా వినబడుచుండెను. ఇద్దఱిలో నొకరు అబద్ధమాడుచున్నారని సభ తలచెను. విన్నీ మాత్రము అట్లు తలపలేదు. తన తల్లి అబద్ధమాడదు. తన తండ్రి చూడనిదానిని చూచితినని చెప్పడు. ఈ రెండును ఒక్కసారే ఎట్లు నిజమగునో ఆమెకు తెలియలేదు.

బ్రెట్ టోపీ తీసి, నుదురు తుడుచుకొని, ఎవరి ముఖమును చూడక, మెల్లగా పలికెను: "ఇక చాలు. ఈ రాత్రికి దారి పక్కన పెట్టుకుని పడుకుందాం. రేపు పొద్దున్నే ఇంటికి."

"సరే," అని తాన్యా అనెను.

ఇంటికి. గూడబాతులు లేవు. ఆ పదము విన్న విన్నీ కన్నీరు రాకుండుటకై తల వంచి, చూచుటకు వేఱొకటి లేక, తన ఒడిలోని పట్టికనే చూచెను. తల్లి పేరుకెదురుగా, ఇప్పుడిప్పుడే తన చేయి గీసిన గీతలున్నవి. అయిదేసి గీతల కట్టలు. నిమిషమునకు ఇరువదిరెండు. రెండవ యత్నమున, గృహరథము ఆగిన నిమిషమునకు ఎదురుగా కూడ గీతలున్నవి. ఆమె తల యెత్తి తల్లిని చూచెను. తాన్యా నిలువబడియే యుండి, కుళాయివైపు చూచుచు, తన కుడిచేతిని ముఖమునకెదురుగా రెండుమార్లు ఊపెను. ఒక ఈగ ఎగిరిపోయి, మరల వచ్చి పెదవి మీద వ్రాలెను. ఆమె మరల ఊపెను. ఊపినట్లు ఆమెకు తెలియదు. ఆ దేశమున ఎవరికిని తెలియదు, రెప్పపాటునకు లెక్కయేమున్నది? సభను చూచెను. మెర్వ్ ఊపుచుండెను. పండ్రెండు కుర్చీలును ఊపుచుండెను. తండ్రి, ఇంటికి పోదమన్న ఆ తండ్రియు, టోపీతో ఊపుచుండెను.

విన్నీ లేచెను. ధర్మసంకటమున మునిగిన ఆ రణభూమి మధ్యమునకు, నోటుపుస్తకమును కవచమువలె ఱొమ్మున కదుముకొని నడచిపోయెను.

"నాన్నా, అమ్మ ఊపింది."

"చూశావా," అని బ్రెట్ అనెను.

"కానీ నిన్ను కాదు. ఈగని."

ఆమె నోటుపుస్తకమును తెఱచి పట్టెను.

"నా దగ్గర లెక్క ఉంది. అమ్మ నిమిషానికి ఇరవై రెండుసార్లు ఊపుతుంది. నువ్వు పంతొమ్మిది. ఆగిన తర్వాత అమ్మ చెయ్యి దింపి ఈగని తోలింది, నువ్వు రమ్మందనుకున్నావు. మీరు పెట్టుకున్న సైగా, ఈగని తోలేదీ ఒకటే."

బ్రెట్ పట్టికను తీసికొని చూచెను. తాన్యా అతని భుజము మీదుగా చూచెను. ఆరు రోజులలో వారిరువురి తలలు అంత దగ్గఱకు వచ్చుట అదియే మొదలు.

"నిమిషానికి ఇరవై రెండా?" అని తాన్యా పలికి, పలుకుచునే ఊపి, ఊపుచున్న చేతిని చూచి గాలిలోనే నిలిపివేసెను.

"అయితే యంటారాలో ఆ డబ్బా..." అని బ్రెట్ ఆరంభించి ముగింపలేకపోయెను.

"ఈగే," అని విన్నీ తీర్పు చెప్పెను. "నాన్నా, ఇంకొక్కసారి. నేను నిలబడతాను వెనకాల. నేను చెయ్యి కదిపానంటే కావాలని కదిపినట్టే. చెట్టువైపు చూపిస్తే చెట్టువైపు, కుళాయివైపు చూపిస్తే కుళాయివైపు. ఏమీ చూపించకపోతే వస్తూనే ఉండు. అరచెయ్యెత్తితే ఆగు."

"మొహం మీద ఈగలుంటాయి తల్లీ. ఒక్క నిమిషం కూడా ఉండలేవు."

"ఉంటాను."

"నీ వల టోపీ ఏదీ?"

ఆ ప్రశ్నకు తాన్యా చూపు దించుకొనెను. ఈగలు దూరని వల గల ఆ శిరస్త్రాణమును, రెండు వారముల క్రిందట జంతుశాస్త్రపాఠములో భాగముగా ఒక చెఱువున రొయ్యలు పట్టుటకు ఆమెయే వినియోగించియుండెను. రొయ్యలు పడినవి. టోపీ మరల తలకు పనికిరాలేదు.

తండ్రి మరల శకటమెక్కెను. అయినను యుద్ధమునకు ఇంకొక విఘ్నము కలదు. అద్దములో విన్నీ వెనుకగా ఆ సభయంతయు కనబడుచుండెను. పదునాలుగు చేతులు ఎడతెగక రమ్ము రమ్మనుచుండెను. విన్నీ సభకు అభిముఖియై, పది వసంతములైనను నిండీనిండని తన జీవితమున మొదటిసారి పెద్దలనుద్దేశించి ప్రసంగించెను:

"మీరందరూ చేతులు మీ కింద పెట్టుకుని కూర్చోవాలి. దయచేసి. నాన్న బండి పెట్టేదాకా."

"చేతుల మీద కూర్చోవాలా?" అని మెర్వ్ ఆశ్చర్యపడెను. "పాపా, నేను నీ పుట్టుకకి ముందు నుంచీ ఈ బళ్లు లాగుతున్నాను. మీ నాన్నకి కావాల్సింది దారి చెప్పే మనిషి. నన్ను నిలబడనీ వెనకాల, రెండు నిమిషాల్లో..."

"మెర్వ్," అని డాట్ అల్లిక మీదనుండి తల యెత్తక పలికెను, "పదకొండేళ్లయింది నువ్వు రివర్స్ చేసి. ముందు నుంచి దూరి వెనక నుంచి పోయే చోటు దొరక్కపోతే మనం ఊరే మార్చేస్తాం. చేతుల మీద కూర్చో."

సభ మెర్వ్‌ను చూచెను. మెర్వ్ బీరుడబ్బాను నేల మీద నుంచి, అరచేతులను తొడలక్రింద జొనిపి, కూర్చుండెను. డాట్ సూదులను ఒడిలో పెట్టి తానును అట్లే చేసెను. పిమ్మట ఒక్కొక్కరుగా, మాజీ పోస్టుమాస్టర్లు, రిటైరైన నర్సులు, గొఱ్ఱెల ఉన్ని కత్తిరించి నడుములు పోగొట్టుకొన్నవారు, అందఱును తమతమ హస్తములను తమతమ పిఱుదులక్రింద బంధించుకొనిరి. తాన్యా చెట్టు దగ్గఱ నిలిచి, రెండు చేతులను చంకలలో బిగించుకొనెను. రాబోవు క్షణము ఎట్టిదో అందఱికిని తెలియును.

ఈగలకును తెలిసెను. ముల్గా క్రాసింగ్ ఈగలకు, వాని తాతముత్తాతల కాలమునుండియు, పదునాఱు ముఖములు ఒక్కసారిగా ఉచితముగా లభించుట ఎన్నడును జరుగలేదు. అవి కుళాయితడినుండి, జున్నుముక్కలనుండి, చెత్తడబ్బాలనుండి లేచి, నల్లని మబ్బై వచ్చి వ్రాలెను. మెర్వ్ కనుబొమల మీద నడచెను. డాట్ కళ్లజోడు లోపలికి పోయి బయటికి దారి కనుగొనలేకపోయెను. ఒక్క చేయియు లేవలేదు.

వానిలో మేటియైనవి విన్నీ మీదికి వచ్చెను. ఎడమకంటి కొలికిలో నొకటి తడి త్రాగుచుండెను. పెదవుల సందున మూడు బారులుదీరెను. ఒకటి ముక్కు కుడిరంధ్రపు అంచున నిలిచి, లోపలికి పోవలెనా వలదా యని ఆలోచించి, పోయెను. విన్నీ కదలలేదు. ఆమె గూడబాతులను తలచెను. వేయి కిలోమీటర్లు ఎగురుచు, దారిలో ఏ చేయియు తమకు సైగ చేయకున్నను, అవి తిరిగి పోలేదు గదా యని తలచెను. కండ్లనుండి నీళ్లు కారెను. ఆ నీళ్లకు మఱికొన్ని ఈగలు వచ్చెను.

అద్దములో ఆ చిన్నముఖము మీద నల్లని చుక్కలు నడచుచుండుట బ్రెట్‌కు కనబడెను. అతడు తన జన్మలో అంత నిదానముగా, అంత శ్రద్ధగా, అంత భయముతో ఏ వాహనమును నడిపియుండలేదు. విన్నీ కుడిచేయి నెమ్మదిగా చాచి చెట్టువైపు చూపెను. గృహరథము చెట్టువైపు జరిగెను. ఎడమచేయి కుళాయివైపు చూపెను, కుళాయివైపు వచ్చెను. రెండు చేతులును ప్రక్కలకు దించెను, తిన్నగా వచ్చెను. తాన్యా ఎదుట కొమ్మ ఆకొక్కటి పైకప్పును నిమిరి విడిచిపెట్టెను. ఒక మీటరు. అర మీటరు. మూర. జాన. ముక్కులోని ఈగ ఇంకను లోపలికి పోయెను. ఆమెకు తుమ్ము వచ్చెను. తుమ్మెను. చేతులు మాత్రము కదలలేదు.

అరచేయి పైకెత్తెను.

గృహరథము ఆగెను. చేతిబ్రేకు గుఱ్ఱుమని పైకి లేచెను. ఇంజను ఆగిపోయెను. ఆ నిశ్శబ్దములో విన్నీ తన రెండు చేతులతో ముఖమును, ముక్కును, కండ్లను, చెవులను, పొరపాటున చెవిసందునున్న పెన్సిలును కూడ తుడిచివేసికొనెను. అదే క్షణమున పదునాలుగు కుర్చీలలో ఇరువదియెనిమిది హస్తములు విముక్తములై గాలిలోనికి లేచి, ప్రళయమారుతమువలె వీచెను. బ్రెట్ అద్దములో అది చూచి, ఈసారి కదలలేదు.

తాన్యా పరుగెత్తుకొనివచ్చి కూతురిని కౌగిలించుకొని, ముక్కు చీదించి, ఏడ్చెను. బ్రెట్ వచ్చి, కరెంటు తీగను పెట్టెకు తగిలించెను. తీగ చాలెను. నాలుగంగుళములు మిగిలెను.

"చక్కగా పెట్టావు గురూ," అని మెర్వ్ పలికెను. డాట్ ఆయనవైపు చూచుటతో, "చక్కగా పెట్టించావు పాపా," అని సవరించుకొనెను.

సరిగా ఆ సమయమునకే లొరెయిన్ బ్యాటరీబండిపై చక్కగా నవ్వుచు వచ్చి చేరెను.

"మంచి కబురు. బస్సు వాళ్లు ఇక్కడ ఉండట్లేదట, ముందున్న ఊరికి వెళ్లిపోతున్నారు. ఐదో నంబరు ఖాళీ. నేరుగా దూరిపోవచ్చు. మార్చుకుంటారా?"

దంపతులు ఒకరినొకరు చూచుకొనిరి. ఆరు రోజుల తరువాత మొట్టమొదటిసారిగా ఇద్దఱికిని ఒకే క్షణమున నవ్వు వచ్చెను.

"వద్దండీ," అని బ్రెట్ అనెను. "ఇక్కడ బాగుంది. చెట్టు నీడ, చల్లగా."

ఇట్లు ముల్గా క్రాసింగ్ పురమున, పద్నాలుగవ నంబరు స్థలమున, చెట్టు కూలక, కుళాయి చెదరక, చెత్తడబ్బా యొక్కటియు గతింపక, ఆరున్నర మీటర్ల గృహరథము జానెడు వంకరగా, అయినను తిరుగులేని విధముగా నిలిచెనని దిక్కులకు చాటుచున్నాను. ఆ సాయంకాలము, కాల్చిన సాసేజీలు తినునపుడు, విన్నీ పట్టికలో చివరి వరుస వ్రాసెను: "విన్నీ. నాలుగు నిమిషాలు. ఊపినవి: సున్న."

బ్రెట్ ఆ పుస్తకమును అడిగి తీసికొనెను. పెన్సిలు కొనను నాలుకతో తడుపుకొని, ఆ సున్న క్రింద ఇట్లు వ్రాసెను: "యంటారాలో తాన్యా నన్ను రమ్మని చెయ్యి ఊపలేదు. నాకు తెలియక అన్నాను." వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి, పుస్తకమును మొదట తాన్యాకు చూపి, పిదప విన్నీకి ఇచ్చెను.

అట్టిది పెద్దవారు కాగితము మీద వ్రాసి సంతకము చేయుట ఆమె జీవితమున అది రెండవసారి. ఆ పుటను ఆమె చింపలేదు, అంటింపలేదు, ఉన్నచోటనే ఉంచెను. మఱునాడు ప్రాతఃకాలమున శకటము పార్కు ద్వారము దాటి, దుమ్ము లేపుచు, ఉత్తరముగా తిరిగెను.